కామెర్లు కనిపిస్తే ఏం చేయాలి: కంటి పచ్చదనం నుంచి చివరి రిపోర్టు దాకా

ప్రతి ఏడూ తొలకరి వానలు పడి, నల్లా నీళ్లు కాస్త మట్టివాసన వేయగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా పిల్లగానికి పసిరికలు అయినయి. పసరు పోయించాల్నా, దవాఖానకు తీస్కపోవాల్నా?" నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక ల్యాబ్‌లో పదిహేడేళ్లుగా రక్తం తీస్తూ, రిపోర్టులు చేతికిస్తూ ఉన్నదాన్ని. పసరు తాగి తగ్గినవాళ్లను చూశాను, దవాఖానాలో తగ్గినవాళ్లను చూశాను. ఆలస్యం చేసి నష్టపోయినవాళ్లనూ చూశాను. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పినది ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

కామెర్లు అనేది రోగం పేరు కాదు. లోపల ఏదో జరిగిందని కన్ను చెప్పే కబురు అంతే. కాలేయం వాచినా, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, రక్తకణాలు చితికిపోతున్నా, మింగిన మందు పడకపోయినా కన్ను ఒకేలా పచ్చబడుతుంది. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. కాబట్టి పసరా, ఇంగ్లిష్ మందా అని తేల్చుకునే ముందు "ఇవి ఏ కామెర్లు?" అని తేలాలి. అది తేలేదాకా ఏదీ నోట్లో పోయకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటుబుక్కు, పెన్ను
- మూత్రం రంగు చూడటానికి తెల్లటి గాజు సీసా
- థర్మామీటర్
- గత మూడు నెలల్లో రోగి మింగిన ప్రతి మందు: మాత్ర, సిరప్, పొడి, కషాయం, జిమ్ పౌడర్, బరువు తగ్గే టీ. ఖాళీ అట్టలు కూడా
- పాత రక్తపరీక్షల రిపోర్టులు ఏవి ఉంటే అవి
- రాత్రి పూట తీసుకుపోవాల్సి వస్తే 108

1. అవి కామెర్లేనా, ముందు చూసుకోండి

ట్యూబ్‌లైటు కింద, పసుపు బల్బు కింద చూడకండి. పగలు కిటికీ దగ్గర నిలబెట్టి, కింది వైపు చూడమని చెప్పి, పై రెప్పను మెల్లగా ఎత్తండి. రెప్ప చాటున ఉండే తెల్లగుడ్డు భాగం చూడాలి. ఎండకు, దుమ్ముకు తగిలే మధ్యభాగం చాలామందికి మామూలుగానే మట్టిరంగులో ఉంటుంది. దాన్ని చూసి భయపడి వచ్చేవాళ్లు ఎక్కువ. నాలుక పైకెత్తించి దాని అడుగు కూడా చూడండి. ఒంటి రంగు చామనఛాయగా ఉన్నవాళ్లలో కామెర్లు అక్కడ బాగా తెలుస్తాయి.

తర్వాత మూత్రం. సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. కామెర్లు చాలావాటిలో అది ఆవనూనె రంగులోనో, పాలు పోయని టీ డికాషన్ రంగులోనో ఉంటుంది. సీసా మూతపెట్టి ఊపితే నురగ కూడా పచ్చగా ఉంటుంది. మామూలు మూత్రపు నురగ ఎంత చిక్కగా ఉన్నా తెల్లగానే ఉంటుంది.

పొరబడే చోట్లు ఇవి. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే మూత్రం మెరిసే పసుపు అవుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ వేసుకుంటే నారింజ రంగు అవుతుంది. క్యారెట్, బొప్పాయి రోజూ బాగా తినేవాళ్లకు అరచేతులు పచ్చబడతాయి గానీ కన్ను తెల్లగానే ఉంటుంది. ఎండన పడి తిరిగి నీళ్లు తాగకపోయినా మూత్రం చిక్కబడుతుంది, రెండు లీటర్లు తాగితే తేటపడుతుంది. అలా తేటపడకపోతే రెండో అంకెలోని గుర్తులు చూసుకుని మూడో అంకెకు వెళ్లండి.

మలం రంగు కూడా చూడమనండి. అడగడానికి మొహమాటపడతారు, కానీ ఇది చాలా విలువైన ఆనవాలు. సున్నపు ముద్దలా, తెల్లమట్టిలా ఉంటే పైత్యం (పిత్తరసం) పేగులోకి దిగడం లేదని అర్థం. తేదీ వేసి రాసుకోండి.

2. ఈ గుర్తుల్లో ఒక్కటున్నా మిగతా అంకెలన్నీ వదిలేసి పెద్దాసుపత్రికి వెళ్లండి

- మాట తడబడటం, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, కారణం లేని కోపం
- చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి
- గుక్కెడు నీళ్లు కూడా నిలవని వాంతులు
- చలితో వణికించే జ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి, దాంతో పాటే కామెర్లు
- పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు
- రోగి గర్భిణి కావడం, ఏ నెల అయినా సరే
- ముందే కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్లు

జ్వరం గురించి ఇంకో మాట. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో మామూలుగా జ్వరం ముందు వస్తుంది, కన్ను పచ్చబడేసరికి తగ్గిపోతుంది. కన్ను పచ్చబడ్డాక కూడా జ్వరం కాస్తూనే ఉంటే మలేరియా, డెంగీ, లెప్టోస్పైరోసిస్, పిత్తనాళంలో చీము వంటివి వెతకాలి. ఇంట్లో ఆగి చూసే జ్వరం కాదది.

గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఈ స్థితిని చూడగలిగినవి. జ్వరంతో కూడిన కామెర్లకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది, పాతవాళ్లు కోరంటి దవాఖానా అంటారే అదే. పిల్లలైతే నీలోఫర్.

3. మింగుతున్న మందులన్నీ సంచిలో వేయండి

కాలేయం దెబ్బతిన్నప్పుడు అలవాటుగా వేసుకునే మాత్రే దాన్ని ఇంకా కుంగదీస్తుంది. జ్వరానికి పారాసెటమాల్, ఒళ్లునొప్పులకు నిమెసులైడ్, డైక్లోఫెనాక్, జలుబుకు మరో కలగలుపు మాత్ర: మూడు షాపుల్లో మూడు కొని, మూడింట్లోనూ పారాసెటమాల్ ఉన్న సంగతి తెలియక రోజుకు ఆరేడు గ్రాములు మింగినవాళ్ల రిపోర్టులు నా చేతుల మీదుగా వెళ్లాయి. డాక్టర్ మోతాదు చెప్పేదాకా పారాసెటమాల్ కూడా సొంతంగా వేసుకోకండి.

నాటు మందులూ అదే సంచిలోకి వెళ్లాలి. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ రోజూ తాగి కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి మన దేశపు వైద్యులే ప్రచురించారు. అశ్వగంధతో, పసుపు సారం క్యాప్సూళ్లతో, గ్రీన్ టీ సారంతో కూడా ఇలా జరిగిన దాఖలాలు ఉన్నాయి. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనే మాట కాలేయం దగ్గర చెల్లదు.

జాగ్రత్త: బీపీ, షుగరు, ఫిట్స్, గుండె మందులను మీకు మీరు ఆపకండి. అదే రోజు డాక్టర్‌ను అడగండి. టీబీ మందులు వాడుతూ కన్ను పచ్చబడితే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఆ మందులు ఇచ్చిన కేంద్రానికి వెంటనే చెప్పాలి. వాటిలో కాలేయాన్ని దెబ్బతీసేవి ఒకటికి మించి ఉన్నాయి.

4. రక్తం ఇవ్వండి, సరిగ్గా ఇవ్వండి

మొదటి రోజు అడగాల్సినవి: ఎల్ఎఫ్టీ (కాలేయం ఎలా ఉందో చెప్పేది), పీటీ–ఐఎన్ఆర్ (రక్తం ఎంత తొందరగా గడ్డకడుతుందో చెప్పేది), సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), షుగర్, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బీ అనే కాలేయపు వైరస్ ఉందేమో చూసేది), పొట్ట అల్ట్రాసౌండ్. ఎల్ఎఫ్టీ ఫలితం చూశాక డాక్టర్ హెపటైటిస్ ఏ, ఈ ఐజీఎం పరీక్షలూ, హెపటైటిస్ సీ పరీక్షా రాస్తారు. అన్నీ ఒకేసారి చేయించి డబ్బు పోసుకోనక్కర్లేదు.

డబ్బు ఇబ్బంది ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానాకు పోయి డాక్టర్‌తో రాయించుకోండి. అక్కడ తీసిన రక్తం తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు వెళ్తుంది, పరీక్షలు ఉచితం.

ఎల్ఎఫ్టీకి పరగడుపున రావాల్సిన పని లేదు. అల్ట్రాసౌండ్‌కు మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగ్గా కనబడవు. రెండూ ఒకే ఉదయం పెట్టుకుని, స్కాన్ కాగానే రోగికి ఇడ్లీ పెట్టండి.

ఇవి నా పని కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఐఎన్ఆర్‌కు తీసే నీలం మూత ట్యూబు మీద ఒక గీత ఉంటుంది. రక్తం ఆ గీత దాకా నిండాలి. సగమే నింపితే ఐఎన్ఆర్ లేనిపోనిదిగా పెరిగి కనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఇంటికి వచ్చి రక్తం తీసేవాళ్లయితే ట్యూబును చల్లని డబ్బాలో పెట్టుకుని పోతున్నారా చూడండి. కన్నును పచ్చబరిచే పదార్థం పేరు బిలిరుబిన్, అది వెలుతురుకు విరిగిపోతుంది. ఎండలో బండి మీద గంట తిరిగిన రక్తంలో అది తక్కువగా వస్తుంది, తగ్గిందని మీరు సంబరపడతారు. రిపోర్టు కింద "హీమోలైజ్డ్" (తీసిన రక్తంలో కణాలు చితికిపోయాయి) అని రాసి ఉంటే మళ్లీ రక్తం ఇవ్వండి, ఆ అంకెలు నమ్మేవి కావు.

5. రిపోర్టు చూసి ఏ కామెర్లో గుర్తుపట్టండి

తుది మాట డాక్టర్‌దే. కానీ డాక్టర్ ముందు కూర్చునేటప్పుడు మీకూ తెలిసి ఉంటే సరైన ప్రశ్న అడగగలరు. మొత్తం బిలిరుబిన్ 1.2 లోపు ఉండాలి. మూడు దగ్గరపడితే కన్ను స్పష్టంగా పచ్చబడుతుంది. ఎస్జీపీటీ (కొన్ని రిపోర్టుల్లో ఏఎల్‌టీ), అంటే కాలేయకణాలు దెబ్బతింటే పెరిగే అంకె, నలభై లోపు మామూలు.

*ఎస్జీపీటీ వెయ్యి దాటి ఉంటే:* కాలేయం ఉన్నట్టుండి వాచింది. వైరస్ గానీ, మందు దెబ్బ గానీ. మన ఊళ్లో కుర్రవాళ్లకు వానాకాలంలో వస్తే ఎక్కువగా నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఏ లేదా ఈ.

*డైరెక్ట్ బిలిరుబిన్, ఏఎల్పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజ్) బాగా పెరిగి, ఎస్జీపీటీ మాత్రం కొంచెమే పెరిగి ఉంటే:* పైత్యం దారిలో అడ్డు ఉందేమో చూడాలి. తెల్లటి మలం, ఒళ్లంతా దురద దీనికి తోడుంటాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా చిన్నాన్నకు అరవై దాటాక కామెర్లు వచ్చాయి. ఊళ్లో పేరున్న మనిషి దగ్గర ఆదివారం ఆదివారం పరగడుపున పసరు పోయించారు. నాకు చెప్పలేదు, చెబితే వద్దంటానని. ఐదో వారం పండక్కి వెళ్తే చూశాను. బనియన్ చంకల దగ్గర పచ్చగా మరక పట్టింది. దురద ఆగక మోచేతుల దాకా గోళ్లతో గీరుకుని పొక్కులు కట్టాయి. "మలం ఎట్ల వస్తుంది చిన్నాయనా?" అని అడిగితే చిన్నమ్మ, "సున్నం లెక్క ఉంటుంది బిడ్డా" అంది. అదే రాత్రి హైదరాబాద్ తీసుకొచ్చాం. స్కాన్‌లో పిత్తనాళంలో రాయి, పైన నాళం ఉబ్బి ఉంది. ఎండోస్కోపీలాగే నోటి ద్వారా గొట్టం వేసి ఈఆర్సీపీ అనే పద్ధతిలో రాయి తీశారు. మూడో రోజుకు దురద పోయింది. ఆ ఐదు వారాల్లో చీము పట్టి ఉంటే మనిషి మాకు దక్కేవాడు కాదు. ఆ పసరు మంచిదో చెడ్డదో నేను అనను. రాయిని కరిగించే పసరు మాత్రం లేదు.

నలభై ఐదు దాటినవాళ్లకు నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, బరువు తగ్గుతూ ఉంటే ఇంకా తొందరపడాలి. పిత్తనాళంలో, క్లోమంలో గడ్డ ఉందేమో సీటీ స్కాన్‌లో చూస్తారు.

*ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ ఒక్కటే పెరిగి, మిగతావన్నీ మామూలుగా ఉంటే:* సీబీపీలో హిమోగ్లోబిన్ కూడా బాగుంటే బహుశా గిల్బర్ట్ లక్షణం. పుట్టుకతో వచ్చేది, హాని లేనిది. ఉపవాసం ఉన్నా, బాగా అలసినా కన్ను కాస్త పచ్చబడుతుంది, తిని నిద్రపోతే తగ్గుతుంది. ఏటా శ్రావణంలో ఉపవాసాలు చేసి, ఏటా పసరు తాగి, ఏటా "తగ్గించుకునే" ఒక ఇల్లాలు నాకు తెలుసు. ఆమెకు ఉన్నది ఇదే. హిమోగ్లోబిన్ పడిపోయి ఉంటే మాత్రం రక్తకణాలు చితుకుతున్నాయని, రక్త నిపుణుడికి చూపాలి.

*ఎస్జీఓటీ (ఏఎస్‌టీ), ఎస్జీపీటీకి రెట్టింపు కంటే ఎక్కువ ఉండి, రెండూ మూడు నాలుగు వందల లోపే ఉంటే:* తాగుడు వల్ల వచ్చిన కాలేయపు వాపు కావచ్చు. దాచకుండా ఎంత తాగుతారో డాక్టర్‌కు చెప్పండి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు కాబట్టి అది కూడా వాళ్ల పర్యవేక్షణలోనే జరగాలి.

6. ఇంగ్లిష్ వైద్యం నుంచి ఏం ఆశించాలి

చాలామంది పసరు వైపు మళ్లేది ఇక్కడే. హెపటైటిస్ ఏ, ఈ సోకిన మామూలు మనిషికి డాక్టర్ పెద్దగా మందు రాయరు. "విశ్రాంతి తీసుకోండి, వారానికోసారి రక్తం చూపించండి" అంటారు. మందివ్వకపోతే వైద్యం చేయనట్టే మనకు అనిపిస్తుంది. కానీ ఆ రెండు వైరస్‌లనూ ఎక్కువమందిలో ఒళ్లే తరిమేస్తుంది. డాక్టర్ చేసేది కాపలా: దారి తప్పే కొద్దిమందిని ముందే పట్టుకోవడం. ఆ కాపలా కోసమే వారం వారం పరీక్ష.

అన్నం తినగలిగే మనిషికి గ్లూకోజు బాటిల్ ఎక్కించనక్కర్లేదు. వీధి చివర ఆర్ఎంపీ దగ్గర రోజూ సెలైన్, ఇంజెక్షన్ తీసుకుంటే ఖర్చు తప్ప కామెర్లు తొందరగా దిగవు. లివర్ టానిక్ సిరప్‌లకూ ఇదే మాట.

హెపటైటిస్ బీ, సీ వేరు. వాటికి పనిచేసే మాత్రలు ఉన్నాయి. హెపటైటిస్ సీ చాలామందిలో పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండింటికీ ప్రభుత్వం ఉచితంగా మందులిస్తుంది. పెద్దాసుపత్రిలో అడగండి.

7. పసరు, ఆయుర్వేదం, యునానీ, హోమియో వాడాలనుకుంటే

వద్దంటే మీరు మానరు, నాకు చెప్పకుండా తాగుతారు, అంతే. అందుకని ఎలా వాడితే ప్రమాదం తగ్గుతుందో చెప్తాను.

ముందు నేల ఉసిరి సంగతి. మన వైపు కామెర్ల పసరులో ఎక్కువగా ఉండేది అదే, దాంతో పాటు గుంటగలగర. నేల ఉసిరి హెపటైటిస్ బీని పోగొడుతుందని 1988లో మద్రాసు నుంచి ఒక పరిశోధన వెలువడి చాలా ఆశ పుట్టించింది. తర్వాత చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. మరి అంతమందికి ఎలా తగ్గింది? పసరు కోసం పోయేది కన్ను పచ్చబడ్డ వారానికో పది రోజులకో. వైరస్ కామెర్లు తమంతట తాము దిగడం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. తగ్గింది నిజం, పోసినవాళ్ల మంచితనం కూడా నిజం. చాలామంది రూపాయి తీసుకోరు. కానీ తగ్గించింది ఎక్కువగా కాలమే.

వాడేవాళ్లు పాటించాల్సినవి:

మొదటి రిపోర్టు చేతిలో ఉండాలి. అడ్డు లేదని స్కాన్ చెప్పాలి, ఐఎన్ఆర్ మామూలుగా ఉండాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, పాలిచ్చే తల్లులకు, ముందే కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వకండి.

మొక్క పేరు తెలియని పసరు, దినుసుల పేర్లు చెప్పని పొడి తీసుకోకండి. నేల ఉసిరిలాగే ఉండే మొక్కలు చాలా ఉన్నాయి. కాలువ గట్టున పీకి, కడిగీ కడగకుండా పచ్చి నీళ్లతో నూరిన పసరు ఆ నీళ్లలోని వైరస్‌నూ తెస్తుంది. భస్మాలు, రసౌషధాలు ఇంట్లో ప్రయోగం చేసేవి కావు, వాటిలో పాదరసం, సీసం ఉండవచ్చు.

ఒక్కసారి ఒక్కటే. పసరు, సిరప్, హోమియో మాత్రలు, తిప్పతీగ కషాయం నాలుగూ కలిపితే ఏది పడలేదో ఎవరూ చెప్పలేరు.

చదువుకున్న వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి, చార్మినార్ పక్కన యునానీ దవాఖానా, రామంతాపూర్‌లో హోమియో ఆసుపత్రి ఉన్నాయి. వాళ్ల దగ్గరికి కూడా ఎల్ఎఫ్టీ, స్కాన్ పట్టుకునే వెళ్లండి. మా ల్యాబ్‌కు ఒక ఆయుర్వేద వైద్యురాలు రోగులను పంపేది, చీటీ మీద "ముందు ఎల్ఎఫ్టీ, తర్వాతే మందు" అని రాసి. ఏ పద్ధతి వైద్యుడైనా రిపోర్టు అడగకుండా కామెర్లకు మందిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మొదలుపెట్టిన తేదీ నోటుబుక్కులో రాయండి. ఏడో రోజు ఎల్ఎఫ్టీ చేయించండి. తగ్గుతూ వచ్చిన ఎస్జీపీటీ మళ్లీ పైకి లేస్తే అదే రోజు ఆపేయండి. ఇంగ్లిష్ డాక్టర్‌కు ఇది తాగుతున్నామని చెప్పండి. తిడతారని దాస్తారు, ఆ దాచడమే ప్రమాదం. అల్లోపతి మందైనా, ఆయుర్వేదమైనా పడకపోతే 1800-180-3024కు మీరే ఫోన్ చేసి చెప్పవచ్చు.

ఏ పరిస్థితుల్లోనూ చేయించుకోకూడనివి మూడు. చేతి మీద, పొట్ట మీద వాతలు పెట్టించడం. రక్తం గడ్డకట్టడం మందగించిన మనిషికి కాలిన పుండు చీముపడితే ప్రాణం మీదికొస్తుంది. రెండు, కళ్లలో, ముక్కులో పసరు పిండించడం. కంటిపాప దెబ్బతిని చూపు పోవచ్చు. మూడు, రోగి చేతులకు ఏదో రాసి సున్నపు నీళ్లలో కడిగి, పచ్చనీళ్లు దిగితే "కామెర్లు దిగినయి" అనిపించడం. ముందు రాసిన చెట్టు బెరడు రసం సున్నంతో కలిసి పచ్చబడుతుంది. నమ్మకం కుదరకపోతే ఏ జబ్బూ లేని మీ చేతులు కూడా అలాగే కడిగించి చూడండి. పచ్చనీళ్లే వస్తాయి.

8. తిండి

పథ్యం పేరుతో నెల రోజులు చప్పటి మజ్జిగన్నం పెట్టి మనిషిని చిక్కి శల్యం చేస్తారు. కాలేయం కోలుకోవడానికి తిండి కావాలి. ఉప్పు, పసుపు, పోపు మానక్కర్లేదు. కూరలో వేసిన పసుపు కంటికి ఎక్కదు. పప్పు, గుడ్డు, పెరుగు, ఇష్టమైతే ఇంట్లో వండిన చికెన్ పెట్టవచ్చు. నూనె తగ్గించేది వాంతి రాకుండా ఉండటానికే, వికారం లేకపోతే మామూలుగా వండండి. వికారం సాయంత్రానికి పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే కడుపునిండా పెట్టి, రాత్రి తేలిగ్గా ఇవ్వండి. పొట్ట ఉబ్బినవాళ్లకు ఉప్పు లెక్క వేరు, డాక్టర్ చెప్తారు.

చెరకురసం తాగాలంటే ఇంట్లో శుభ్రంగా తీసింది తాగండి. రోడ్డు బండి మీద ఆ ఐసు, ఆ గ్లాసులు కడిగే బకెట్టు చూశాక కామెర్ల రోగికి అక్కడ రసం తాగించడం ఎంత తప్పో మీకే తెలుస్తుంది. మద్యం, కల్లు చుక్క కూడా వద్దు, రిపోర్టు పూర్తిగా మామూలయ్యి డాక్టర్ చెప్పేదాకా.

9. ఇంట్లో మిగతావాళ్లు, నీళ్లు

2005లో మన నగరంలో హెపటైటిస్ ఈ విజృంభించింది. మురుగు కాలువలను దాటుకుంటూ పోయే నీటి పైపుల్లోకి మురుగు చేరడమే దానికి దారి. మీ గల్లీలో ఒకే నెలలో ఇద్దరు ముగ్గురికి కామెర్లు వస్తే అది గల్లీ నీళ్ల సమస్య. జలమండలి 155313కు ఫోన్ చేసి నీళ్లు పరీక్షించమని అడగండి. అపార్ట్‌మెంట్ అయితే సంపుకీ డ్రైనేజీ ఛాంబర్‌కీ మధ్య గోడ నెర్రెలు బారిందేమో చూడండి.

ఫిల్టర్ ఉన్నా, క్యాన్ నీళ్లైనా, ఈ నెల మాత్రం తెర్లేదాకా కాచి తాగండి. బాగా మరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. పళ్లు తోముకునేది, పచ్చడి కలిపేది, పాల ప్యాకెట్ కడిగేది కూడా ఆ నీళ్లతోనే. రోగి కన్ను పచ్చబడ్డాక వారం, పది రోజులు వంట చేయకూడదు. మరుగుదొడ్డి దగ్గర సబ్బు, విడి తువాలు పెట్టండి. హెపటైటిస్ ఏ అని తేలితే ఇంట్లోవాళ్లకు రెండు వారాల లోపు టీకా ఇప్పించే వీలుంది, డాక్టర్‌ను అడగండి.

ఇంట్లో గర్భిణి ఉంటే కాచని నీళ్లు ఆమె నోట పడకుండా చూడండి, వీలైతే కొన్నాళ్లు పుట్టింటికి పంపండి. హెపటైటిస్ ఈ చివరి మూడు నెలల్లో సోకితే ఐదుగురిలో ఒకరి దాకా తల్లి ప్రాణానికే ముప్పు.

హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే నీళ్లతో సంబంధం లేదు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్లకు మూడు డోసుల టీకా వేయించండి. రేజరు, టూత్‌బ్రష్ విడిగా ఉండాలి. కంచం వేరు చేయకండి, కలిసి తింటే అది అంటదు.

10. తగ్గుతోందా లేదా, ఎలా తెలుసుకోవాలి

ముందు ఆకలి వస్తుంది. తర్వాత మూత్రం తేటపడుతుంది. కన్ను అన్నింటికంటే చివర తెల్లబడుతుంది, ఒక్కోసారి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది. మూత్రం తేటపడి, ఆకలి వచ్చి, కన్ను మాత్రం పచ్చగా ఉంటే కంగారుపడి కొత్త మందు మొదలుపెట్టకండి.

వారానికోసారి ఒకే ల్యాబ్‌లో ఎల్ఎఫ్టీ, ఐఎన్ఆర్ చేయించి అంకెలు వరుసగా రాసుకోండి. ఇక్కడే అందరూ పొరబడతారు: ఎస్జీపీటీ రెండు వేల నుంచి మూడు వందలకు దిగింది, తగ్గిందనుకుంటారు. అదే సమయంలో బిలిరుబిన్ పెరుగుతూ, ఐఎన్ఆర్ 1.5కు చేరుతుంటే అది తగ్గడం కాదు. చావడానికి కాలేయంలో ఇక కణాలు మిగలడం లేదని దాని అర్థం. అప్పుడు కాలేయ నిపుణులున్న ఆసుపత్రికి అదే రోజు చేరాలి. మూడు అంకెలూ కలిసి దిగితేనే తగ్గినట్టు.

రోజూ పొద్దున రోగితో నోటుబుక్కులో పేరు, తేదీ రాయించండి. అక్షరాలు వంకరపోవడం, గీత దాటిపోవడం కనిపిస్తే మెదడు మీద ప్రభావం మొదలైందేమోనని రెండో అంకెలోని గుర్తులు వెంటనే చూసుకోండి. మాట తడబడేకంటే ముందే ఒక్కోసారి చేతిరాత చెప్పేస్తుంది.

ఎనిమిది వారాలు దాటినా బిలిరుబిన్ మామూలవకపోతే కారణం మళ్లీ మొదటి నుంచి వెతకాలి. హెపటైటిస్ బీ వచ్చినవాళ్లు ఆరు నెలలకు హెచ్‌బీఎస్ఏజీ మళ్లీ చూపించుకోవాలి. కన్ను తెల్లబడింది కదా అని ఈ పరీక్ష వదిలేసినవాళ్లే పదేళ్ల తర్వాత పొట్టలో నీరుతో వస్తున్నారు.

పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే

పైన రాసిన లెక్కలు పసిపిల్లలకు వర్తించవు. రెండో మూడో రోజు కాస్త పచ్చబడి, వారం పది రోజుల్లో పోవడం మామూలే. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే పచ్చబడినా, పచ్చదనం అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా ఉన్నా, మలం తెల్లగా వచ్చినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పొద్దుటి ఎండలో పడుకోబెడితే సరిపోదు, నీలి కాంతి కింద పెట్టే చికిత్స కావాలి. రెండు వారాలు దాటినా పచ్చగానే ఉంటే తప్పకుండా రక్తం చూపించండి. పసరు, గ్రైప్ వాటర్, తేనె ఏదీ నాలుకకు తగలనివ్వకండి. తల్లిపాలు మాత్రం ఆపకండి.